కాలవ కట్టేసే లోపు

భద్రిరాజు గారు నడుస్తూ నడుస్తూ ఆగేవారు. పక్కన ఎవరున్నా, మాట ఎంతవరకు వచ్చినా ఆగేవారు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర కొంచెం పైకి లాక్కుని, గొంతుకూర్చుని, చెట్టు మొదట్లో మట్టిలోకి చూపుడువేలు గుచ్చేవారు. రెండో కణుపు దాకా. కాసేపు అలాగే ఉంచి, తీసి, అంటిన మట్టిని బొటనవేలితో నలిపి చూసి, జేబురుమాలుతో తుడుచుకుని లేచేవారు. ఆగిపోయిన మాటను ఆగిన చోటినుంచే అందుకునేవారు.

పిల్లలు ఆయనకు థర్మామీటరు మాస్టారు అని పేరు పెట్టారు.

"ఒరేయ్, మాస్టారు నేరేడుకి జ్వరం చూస్తన్నారు. ఎంతుందంటావ్?"

"నూట రెండుంటాది. లీవు లెటరు రాయించు."

ఈ మాటలు ఆయన చెవిన పడేవి. పడనట్టే నడిచిపోయేవారు. పేరు ఆయనకు నచ్చింది.

ఆ కాలేజీ భీమవరానికి దక్షిణాన, పంట కాలవ చిట్టచివరి ఊళ్ళో ఉంది. గోదావరి నీళ్ళు ఆనకట్ట దగ్గర బయల్దేరి, లాకులు దాటి, దారిపొడుగునా ఊళ్ళ పొలాలు తడిపి, అప్పటికీ ఏమైనా మిగిలితే అక్కడికి చేరేవి. అలాంటి ఊరిని శివారు ఊరు అంటారు. ఊరు దాటితే ఉప్పుటేరు. ఆ పైన అంతా సముద్రపు గాలి.

భద్రిరాజు గారు ఆ ఊరివారే. రాజమండ్రిలో డిగ్రీ, వాల్తేరులో ఎమ్మెస్సీ చదివి, మరెక్కడికీ పోకుండా తిరిగి వచ్చి ఆ కాలేజీలోనే బోటనీ లెక్చరరుగా చేరారు. ఆయనకు ఒక్కడే తమ్ముడు. రికార్డుల్లో వీరవెంకటసత్యనారాయణరాజు. అంత పేరూ పిలిచే ఓపిక ఎవరికీ లేక అబ్బులు అయ్యాడు. తండ్రి పోయాక పొలం పంచుకున్నారు. మధ్య చెక్క అన్నగారికి, దానికి అటూ ఇటూ ఉన్న రెండు చెక్కలు తమ్ముడికి వచ్చాయి. తగువు లేకుండా జరిగిన పంపకమని ఊళ్ళో చెప్పుకున్నారు.

తొంభైల మొదట్లో ఆ ప్రాంతానికి రొయ్య వచ్చింది. ముందు పై ఊళ్ళవాళ్ళు వరిచేలు తవ్వి చెరువులు చేశారు. తరవాత పక్క పొలాలవాళ్ళు. తరవాత అబ్బులు. భద్రిరాజు గారు తన చెక్కలో వరే వేయించారు. అటు ఉప్పు నీళ్ళు, ఇటు ఉప్పు నీళ్ళు, మధ్యలో వరి. మొదటి ఏడు ఆకు పండుబారింది. రెండో ఏడు కోసిందంతా తాలే.

"అన్నయ్యా, ఇక అందులో ఏదీ పండదండి," అన్నాడు అబ్బులు. "పడావు పెట్టుకునే కంటే నాకు కౌలుకివ్వండి."

ఆయన కౌలు కాగితం తెమ్మన్నారు. తరవాత కాగితం మీద సంతకం చేశారు. ఆ రోజునుంచి ఆ వైపు వెళ్ళడం మానేశారు. ఆ పొలాల మీదుగా పోయే దారి ఉన్నా చుట్టు తిరిగి వెళ్ళేవారు. దాన్నొక పట్టుదల అనుకున్నారు ఆయన. ఆయన భార్య రత్నమాణిక్యం గారు మాత్రం అలక అనేవారు.

అబ్బులు ఏటా వచ్చి కౌలు వదినగారి చేతికిచ్చి, కాఫీ తాగి వెళ్ళేవాడు. చెరువు సంగతి ఎత్తబోతే అన్నగారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవారు. ఆ కౌలులో ఒక్క రూపాయి ఇంట్లోకి వాడనిచ్చేవారు కాదు. అదంతా కాలేజీ చెట్లకే.

"మన రొయ్యలు తిని కాలేజీ పనసచెట్టు బలుస్తోందండి," అనేవారు రత్నమాణిక్యం గారు.

ఆయన నవ్వేవారు కాదు.

చెట్ల సంగతి తుఫానుతో మొదలైంది. తొంభయ్యారులో దీపావళి ముందు వచ్చిన ఆ గాలికి కాలేజీలో ఉన్న పాత చెట్లన్నీ పడిపోయాయి. తెల్లవారి ఆయన గేటు దగ్గర నిలబడితే, భవనం పక్కనుంచి వెనకాల పొలాల చివరిదాకా కనిపించింది. ఇరవై ఏళ్ళుగా ఆ గేటులోంచి వస్తున్నారు. అంత దూరం ఎప్పుడూ కనపడలేదు. ఆయనకు అది బాగాలేదు.

ఆ చలికాలమే మొక్కలు మొదలుపెట్టారు. ముఖ్య అతిథిని పిలవలేదు, బ్యానరు కట్టలేదు. కాలేజీలో చేరిన ప్రతి పిల్లా పిల్లాడూ ఒక మొక్క నాటాలి, చదువు అయ్యేదాకా దాన్ని చూసుకోవాలి, అంతే. నేరేడు, పనస, మామిడి, పొగడ, సంపెంగ, రామాఫలం. గేటు బయట వరసగా గన్నేరు. హాస్టలు వెనక పల్లంలో ఎన్నెస్సెస్ పిల్లలు రెండు ఎండాకాలాలు తవ్వి చెరువు చేశారు. కాలవలో అల్లుకున్న గుర్రపుడెక్క తీసి గట్టున కుప్ప పోసి ఎరువు చేశారు. క్యాంటీనులో ప్లాస్టిక్ కవర్లు మాన్పించి అరిటాకులో ఇడ్లీ పెట్టించారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక క్యారేజీలు కడిగిన నీళ్ళు ఎవరి మొక్క మొదట్లో వాళ్ళు పొయ్యాలన్నది ఆయన పెట్టిన ఆనవాయితీ. గంట కొట్టగానే స్టీలు గిన్నెలు పట్టుకుని పిల్లలు చెట్లలోకి పోయేవారు. సాంబారు మెతుకుల కోసం కాకులు వాళ్ళ వెనకే నడిచేవి.

"మాస్టారు చెట్లకి ఉల్లిపాయ సాంబారు అలవాటు చేశారు. రేపు అప్పడాలడుగుతాయి," అని కరెస్పాండెంటు అప్పాజీ గారు వచ్చినవాళ్ళకల్లా చెప్పేవారు. అప్పాజీ గారు కాలేజీ కమిటీకి పెద్ద. ఆయనకు కాలేజీ అంటే ప్రేమే.

ఆరేళ్ళకు గేటు దగ్గర నిలబడితే పొలాలు కనిపించడం మానేశాయి.

ఏటా ఎండాకాలం మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. వానలొచ్చి మళ్ళీ వదిలేదాకా చుక్క రాదు. కట్టేసే లోపు ఊళ్ళన్నీ తమ చెరువులు నింపుకోవాలి. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది వంతు. వంతు తప్పితే ఊళ్ళ మధ్య తలలు పగులుతాయి. కాలేజీ చెరువు ఏటా ఆఖరి వంతులో నిండేది. ఆ నీళ్ళతోనే చెట్లు ఎండాకాలం దాటేవి. హాస్టలు పిల్లలు స్నానాలకీ బట్టలకీ అవే వాడుకునేవారు. తాగే నీళ్ళు మాత్రం పంచాయతీ ట్యాంకువి.

రెండువేల మూడులో కాలవలు ముందే కట్టేస్తారని మాట పుట్టింది. అంతకు ముందు ఏడు వానల్లేవు. గోదావరిలో నీళ్ళు లేవన్నారు. శివారుకి ఈసారి అందవన్నారు. భద్రిరాజు గారికి నిద్ర పట్టలేదు. తూముల దగ్గర ఉండే లస్కరు బుల్లియ్యను వెతుక్కుంటూ వెళ్ళారు.

"బుల్లియ్యా, ఈసారి మాకెప్పుడు?"

"ఆయ్, మీది ఆఖర్నేనండి. మంచినీళ్ళ చెరువులయ్యాక."

"ఆఖరికి నీళ్ళుంటాయా?"

"ఉంటే ఉంటాయండి. లేకపోతే లేదండి."

"అదేం మాటయ్యా? చెట్లకి తెలుస్తుందా మీ వంతు?"

"చెట్లకి తెలీదండి. పై ఊరి ప్రెసిడెంటు గారికి తెలుసండి. తూమెత్తింది చూశారంటే నా ఎముకలు లెక్కెడతారండి."

ఇద్దరూ నవ్వారు. భద్రిరాజు గారు మాత్రం కదల్లేదు. గట్టు మీద అలాగే నిలబడ్డారు. బుల్లియ్య కూతురు ఆ కాలేజీలోనే చదివింది. ఫీజు కట్టలేక మానిపిస్తుంటే భద్రిరాజు గారే వెళ్ళి కమిటీతో మాట్లాడారు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తక్కర్లేకపోయింది.

"పైన లాకులు ఇంకా పూర్తిగా వదల్లేదండి," అన్నాడు బుల్లియ్య తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకుంటూ. "కాలవలో మట్టం లేదండి. నాలుగు రోజులాగితే కాలవ నిండా బారుగా వస్తాయి."

"నాలుగు రోజులాగితే పై ఊళ్ళవాళ్ళే తోడేస్తారు."

"అది నిజమేననుకోండి."

మర్నాడు మధ్యాహ్నం జనం అన్నాలకి వెళ్ళిన వేళ బుల్లియ్య తూమెత్తాడు. కాలవలో మట్టం తక్కువ. పొలాల మధ్యనుంచి వచ్చే పిల్లకాలవ, పంట బోదెలో అప్పటికే ఉన్న నీళ్ళు ముందుగా కాలేజీ చెరువులోకి దిగాయి. సాయంత్రానికి మెట్లు మునిగాయి. భద్రిరాజు గారు గట్టు మీద అటూ ఇటూ తిరిగారు. ఇంటికొచ్చి, "ఈ ఏడు ఇక భయం లేదు," అన్నారు భార్యతో. ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు.

పరీక్షలు మొదలైన రోజుల్లో ఆకుల అంచులు కాలినట్టయ్యాయి.

ముందు సంపెంగకి. తరవాత పనసకి. అంచు గోధుమరంగుకి తిరిగి లోపలికి ముడుచుకుంటోంది. ఆయన వేలు గుచ్చి చూశారు. మట్టి తడిగానే ఉంది. ఎండ ఎక్కువైంది, ఈ తడి చాలటం లేదు అనుకున్నారు. పొద్దునా సాయంత్రమూ నీళ్ళు పొయ్యమని పిల్లలకు చెప్పారు. తనూ బక్కెట పట్టుకున్నారు. హాస్టలు పిల్లలు పరీక్ష చదువుల మధ్యలో లేచి వచ్చి చెరువునుంచి బిందెలతో మోశారు. ఎంత పోస్తే అంత ఎండాయి. పొగడ కింద పచ్చి ఆకులే రాలాయి. ఆయన మరో పూట కూడా పొయ్యమన్నారు.

హాస్టల్లో మంజుష అనే పిల్ల ఉండేది. ఆకివీడు అవతలి ఊరు, బీఎస్సీ రెండో ఏడు. సంపెంగ ఆమెది. ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడింది.

"సార్, ఒక కంప్లయింటండి."

"మెస్సు గురించైతే వార్డెను గారికి చెప్పమ్మా."

"మెస్సు కాదండి, సబ్బండి. నురగే రావట్లేదు. మూడు రకాలు మార్చామండి. తలంటుకుంటే జుట్టు అట్టలు కట్టేస్తంది. మా రూములో అందరం సన్నాసుల్లా తయారయ్యామండి."

ఆయన పెన్ను మూత పెట్టారు. లేచి చెరువు దగ్గరికి నడిచారు. మెట్టు మీద కూర్చుని పుడిసెడు నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకున్నారు. చారుకి సరిపోయేంత ఉప్పుంది.

వెంటనే ఉమ్మెయ్యలేదు. కాసేపు నోట్లోనే ఉంచుకున్నారు.

"ఏంటి సార్?" అంది మంజుష, వెనకనుంచి.

"ఇవాళ్టినుంచి మొక్కలకి నీళ్ళు పొయ్యొద్దని అందరికీ చెప్పమ్మా."

"ఎండిపోతన్నాయి కదండీ!"

"అందుకే."

ఆమెకు అర్థం కాలేదు. "మీరు చెప్పారని నేను రోజుకి మూడుసార్లు పోస్తన్నానండి," అంది. మెచ్చుకుంటారన్నట్టు అంది.

ఆయన మెట్ల మీదినుంచి లేవడానికి చెయ్యి ఆన్చుకున్నారు.

మర్నాడు పొద్దున బుల్లియ్యను వెంటబెట్టుకుని, నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో చూద్దామని బోదె వెంట పైకి బయల్దేరారు. వద్దండి, ఎండండి అని బుల్లియ్య చెబుతూనే ఉన్నాడు. కాలవ నుంచి బోదె మీదికి మళ్ళేసరికి ఆ చెప్పడం కూడా మానేశాడు. ఆయన ముందు, బుల్లియ్య వెనక. అటూ ఇటూ రొయ్యల చెరువులే. కొన్నిట్లో తిరగలి చక్రాల్లా ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. కొన్నిట్లో పంట పట్టేసి నీళ్ళు వదిలేశారు. అడుగు ఎండి నల్లగా పెచ్చులు లేచింది. పదేళ్ళలో ఆ నేల మీద ఆయన పెట్టిన మొదటి అడుగులు అవి. ఏది ఎవరి చేనో ఆనవాలు తెలియలేదు. గట్లు మారిపోయాయి. సరిహద్దు తాటిచెట్లు తుఫానులో పోయాయి.

ఒకచోట చెరువు గట్టులోంచి లావుపాటి సిమెంటు గొట్టం బయటికి వచ్చి, తిన్నగా పంట బోదెలోకి నోరు పెట్టి ఉంది. అలాంటి గొట్టాలన్నీ అవతలి మురుగు కాలవలోకి ఉండాలి. దీని కింద బోదె గట్టంతా తెల్లగా పొక్కింది.

"ఇదేనయ్యా," అన్నారు భద్రిరాజు గారు. ఆయన గొంతులో కోపం పలికింది. "ఈ చెరువు ఎవరిది?"

బుల్లియ్య తలపాగా సర్దుకున్నాడు. బోదెలోకి చూశాడు.

"చెప్పవయ్యా. భయపడకు. నేను చూసుకుంటాను. ఎవరిది?"

"తమరిదేనండి."

గట్టు పక్కన, మట్టిలో సగం కూరుకుపోయి, ఒక పాత నూతి వర ఉంది. తండ్రి తవ్వించిన నుయ్యి. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ ఆ వర మీద కూర్చుని చద్దన్నం తినేవారు. ఆయన దాన్ని చూశారు. బుల్లియ్య తప్పు చేసినవాడిలా ఆయన వెనకే నిలబడ్డాడు.

అబ్బులు గట్టు మీది పాకలో ఉన్నాడు. అన్నగారిని చూసి గబగబా లేచి, లుంగీ దించుకుని, నులకమంచం దులిపాడు. మొహమంతా సంతోషం.

"అన్నయ్యా! మీరా? ఇన్నాళ్ళకి వచ్చారా! కూర్చోండి. ఒరేయ్, కొబ్బరిబొండాలు దింపండ్రా!"

"ఆ గొట్టం అటు ఎందుకు పెట్టావు, అబ్బులూ?"

అబ్బులు అటు చూశాడు. "మురుగు కాలవ పూడిపోయి మూడేళ్ళైందండి. తియ్యమని ఎక్కని ఆఫీసు లేదు. నీళ్ళు వెనక్కి ఎగదన్నుతుంటే ఏం చేస్తాం? కాలవ ఎలాగూ కట్టేస్తారు, బోదెలో ఉంటే ఎవరికేం పోతుందిలే అని ఆఖర్న ఇటు వదుల్తున్నాం. ఏం, ఏమైంది?"

"ఆ నీళ్ళు కాలేజీ చెరువులోకి వచ్చాయి."

"అదెలాగండి? మీ వంతు ఆఖర్న కదా. పైనుంచి బారు వస్తే ఇదంతా ముందే ఉప్పుటేట్లోకి కొట్టుకుపోవాలి."

భద్రిరాజు గారు మంచం అంచున కూర్చున్నారు. బుల్లియ్య వేపచెట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు. అబ్బులు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అతనికి తెలిసింది.

"నాకో మాట చెప్పొచ్చు కదా," అన్నారు భద్రిరాజు గారు.

"ఎప్పుడు చెప్పనండి?" అబ్బులు గొంతు ఒక్కసారిగా లేచింది. "ఏటేటా వస్తున్నాను. చెరువు అన్న మాట నోట్లోంచి రాగానే పెరట్లోకి వెళ్ళిపోతారు. అరిటిచెట్టుతో చెప్పనా? ఒక్కసారి వచ్చి చూడండి అన్నయ్యా, తప్పుంటే తిట్టండి అని ఎన్నిసార్లు పిలిచానో వదినగారిని అడగండి. మీకు కంపు. చూడకపోతే మీది కాకుండా పోతుందా?"

అని, అన్నందుకు తనే బెదిరి, "బొండాం తాగండి," అన్నాడు మెల్లిగా.

ఆయన తాగారు. తాగి, గట్టు వెంట ఒక్కరే వెనక్కి నడిచి వచ్చారు.

మే నెలంతా చెట్లు చచ్చిపోయాయి. మంచినీళ్ళు తెప్పించి పొయ్యడానికి, ఊళ్ళో తాగడానికే లేవు. పనసలు ముందు పోయాయి. మామిళ్ళు నిలబడి ఎండాయి. పొగడ కొంతకాలం పోరాడి ఆగిపోయింది. చెరువు గట్టు మీది కొబ్బరిచెట్లకూ గన్నేరుకూ ఏమీ కాలేదు; అవి ఉప్పుకి ఓర్చుకుంటాయి. సెలవులు. కాలేజీలో ఎవరూ లేరు. భద్రిరాజు గారు రోజూ వెళ్ళేవారు. చెయ్యడానికి పని లేదు. స్టాఫ్‌రూము తలుపు తీసుకుని కూర్చుని, సాయంత్రం తాళం వేసి వచ్చేవారు. ఒకరోజు గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూస్తే కొమ్మల్లోంచి దూరంగా పొలాలు కనిపించాయి.

జూన్‌లో కాలేజీ తెరిచారు. తొలకరి పడింది. ఎండిన చెట్ల మీద వాన పడితే మోడులు నల్లబడ్డాయి, అంతే. చెట్ల గురించి కమిటీ కూర్చుంది. అప్పాజీ గారి ముందు బుల్లియ్య మీద రాసిన కాగితం ఉంది. వంతు తప్పి తూమెత్తి కాలేజీకి నష్టం చేశాడని ఇరిగేషన్ వాళ్ళకు ఫిర్యాదు. సంతకాలు పెట్టడమే మిగిలింది.

భద్రిరాజు గారు కుర్చీలోంచి లేచారు.

"తూమెత్తమన్నది నేను," అన్నారు. "అతను వద్దన్నాడు. ఆ ఉప్పు నీళ్ళు కూడా ఎవరివో కావు. నా పొలంలోవి. నా చెరువు గొట్టం బోదెలోకి ఉంది. చెట్లని నేను చంపాను. రాయాలంటే నా మీద రాయండి."

ఎవరూ ఎవరివైపూ చూడలేదు. తరవాత అప్పాజీ గారు పెద్దగా నవ్వారు. కోపంతో కాదు, దయతో.

"కూర్చోండి రాజుగారూ, కూర్చోండి. ఎంత మాటండీ! చంపడమేంటి? మీ గొట్టం ఒక్కటే ఉందా బోదెలోకి? నాది లేదూ? ఇదిగో, ఈయనది లేదూ?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఇద్దరు నవ్వారు. ఒకాయన కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఈ మాట బయటికి పోతే ఊళ్ళో చెరువులన్నిటికీ తంటా. మీ తమ్ముడు గారితో సహా," అన్నారు అప్పాజీ గారు. బుల్లియ్య మీది కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "అతని జోలికి వద్దు, సరేనా? మీ మాట నిలబెట్టాం. తెగులొచ్చి పోయాయని రాసుకుందాం. వనమహోత్సవానికి అటవీశాఖ వాళ్ళు మొక్కలు ఊరికే ఇస్తారు. మళ్ళీ వేద్దాం. మీ చేత్తోనే వేయిద్దాం."

ఆయన నిలబడే ఉన్నారు. ఏదో ఒక శిక్ష ఉంటుందని వచ్చారు. ఫలానా పొలంలో చెరువు మూసెయ్యాలని ఎవరైనా అంటారని, తను సరేనంటారని, ఆ మాటను పట్టుకెళ్ళి తమ్ముడి ముందు పెట్టవచ్చని అనుకున్నారు. టీలు వచ్చాయి. ఆయన ముందు కూడా ఒక కప్పు పెట్టారు.

బయటికి వచ్చేసరికి ఎండిన సంపెంగ కింద మంజుష నిలబడి ఉంది. ఆఖరి ఏడులోకి వచ్చింది.

"తెగులంట కదండీ సార్? ఆఫీసులో అనుకుంటన్నారు."

"తెగులు కాదమ్మా. ఉప్పు నీళ్ళు. నా పొలంలోవి. తొందరపడి నేనే ఎత్తించాను. మీ చేత నేనే పోయించాను."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. పుస్తకాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఎండగా ఉందండి," అంది చివరికి. "లోపలికి రండి సార్."

ఇంటికి వెళితే రత్నమాణిక్యం గారు గుమ్మంలోనే ఉన్నారు.

"ఏమన్నారండి?"

"ఎవరూ ఏమీ అనలేదు."

"అనాలనే వెళ్ళారా?"

"ఊఁ."

"పోనీ, నేనననా?"

"అనండి."

ఆవిడ కాసేపు ఆలోచించారు. ఎన్నేళ్ళుగానో రోజూ ఏదో ఒకటి అంటూనే ఉన్నారు. ఇప్పుడు వెతికితే దొరకలేదు.

"అన్నం చల్లారిపోతోంది, రండి," అన్నారు.

రాత్రి ఒక జల్లు పడింది.

మర్నాడు పొద్దున్నే భద్రిరాజు గారు పెట్టె అడుగునుంచి పాత పంచె ఒకటి తీసి కట్టుకున్నారు. సైకిలు మీద సొసైటీ గుమాస్తా ఇంటికి వెళ్ళి అతన్ని నిద్ర లేపారు.

"జీలుగ విత్తనాలున్నాయా?"

"ఉన్నాయండి. ఏం మాస్టారూ, కాలేజీలో ఊడుపులా?"

"లేదయ్యా. పొలంలోకి."

"ఏ పొలమండి?"

"నాదే."

గుమాస్తా కళ్ళు నులుముకుని తాళాలు తెచ్చాడు. జీలుగ ఉప్పు తేలిన నేలలో వేసే పైరు. ఏపుగా పెరిగాక, పూతకు ముందు, అక్కడికక్కడే కలిపి దున్నేస్తారు. అలా ఏటా చేస్తూ పోతే నేల మెల్లమెల్లగా మళ్ళుతుంది. ఎన్నేళ్ళు పడుతుందో నేలను బట్టి ఉంటుంది. అది ఆయన తరగతిలో ఎన్నోసార్లు చెప్పారు.

చుట్టుదారిన కాకుండా తిన్నగా వెళ్ళారు. నీళ్ళు వదిలేసిన మధ్య చెక్క చెరువు అడుగు రాత్రి వానకి మెత్తబడింది. అబ్బులు అప్పటికే దాని మీద సున్నం చల్లించి ఉంచాడు. ఆయన చెప్పులు గట్టు మీద విడిచి, పంచె ఎగ్గట్టి, సంచి చంకకి తగిలించుకుని లోపలికి దిగారు. మడమల దాకా బురద.

సగం అయ్యేసరికి అబ్బులు మోపెడ్ మీద వచ్చాడు. ఎవరో చెప్పి ఉంటారు. బండి గట్టు మీద పడేసి అరిచాడు.

"అన్నయ్యా! ఏంటండిది? రొయ్యపిల్లకి అడ్వాన్సు ఇచ్చేశానండి!"

"నీ రెండు చెక్కల్లో వేసుకో."

"మధ్యది లేకపోతే నాకు గట్లు నిలబడవండి!"

ఆయన గుప్పెడు చల్లి ఒక అడుగు ముందుకు వేశారు.

"అయినా ఇది మొలుస్తుందా అందులో? అటు ఉప్పు, ఇటు ఉప్పు. మీకు తెలీదా? మీరే కదా చదువుకున్నది!"

"తెలుసు."

"మరి?"

ఆయన సంచిలోంచి ఇంకో గుప్పెడు తీశారు. అబ్బులు అన్నగారి వీపు చూశాడు. గట్టు మీద, నూతి వర పక్కన గొంతుకూర్చున్నాడు. తలకి తుండు వేసుకున్నాడు. లేచి వెళ్ళలేదు, దిగి రాలేదు.

ఎండ ఎక్కింది. పొలంలో దిగి ఎన్నో ఏళ్ళైనా చెయ్యి మరిచిపోలేదు. విత్తనం ఎడంగా, సమంగా పడుతోంది. నిలువుగా చల్లడం అయ్యాక భద్రిరాజు గారు ఆ చివర ఆగి, సంచిలో ఎంత మిగిలిందో చూసుకుని, అడ్డంగా మొదలుపెట్టారు.